సక్కుబాయి బిందె

ఛత్రినాకలో మా మేనత్త వాళ్ళ గల్లీ చివర ఒక నల్లా ఉంది. రాత్రి పదకొండు దాటితే దాని దగ్గర ఎవరూ ఆగరు. ఎంత అర్జెంటైనా సరే, ఆ గోడ పక్కన నిలబడే ధైర్యం మగవాళ్ళకు లేదు. గోడ మీద దేవుళ్ళ బొమ్మలు అతికించినా ఆగని జనం, అక్కడ మాత్రం బుద్ధిగా ఇల్లు చేరేదాకా ఓపిక పడతారు. దీన్నిబట్టి ఆ చోటుకు ఎంత చెడ్డపేరుందో మీరే అర్థం చేసుకోండి.

నల్లా వెనక తాళం వేసిన ఇల్లు. అది సక్కుబాయిది. ఆమె పోయి రెండేళ్ళయింది.

ఇంటింటికీ నల్లాలు రాకముందు గల్లీ మొత్తానికి అదొక్కటే దిక్కు. అక్కడ నలభై ఏళ్ళు లైన్ నడిపింది సక్కుబాయి. గుమ్మం ముందు పీట వేసుకుని, తంబాకు నములుతూ కూర్చునేది. బిందె పెట్టినవాళ్ళకు నంబరు. నంబరు తప్పితే ఆ బిందె మురికి మోరీలోకి. ఎంత పెద్ద పహిల్వానైనా ఆమె ముందు ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని గమ్మున నిలబడాల్సిందే.

ఒక్క బాలింతకు మాత్రం మినహాయింపు. గల్లీలో ఎవరు కన్నా సరే, ఇరవై ఒకటో రోజు వెళ్ళేదాకా ఆ ఇంటి బిందె అందరికంటే ముందు. ఆ రోజు పల్లెల్లో బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి నీళ్ళు తోడుకుంటుంది కదా. బావి లేని ఆ గల్లీలో ఆ పూజ కూడా నల్లాకే.

ఆమె పోయాక నల్లా మూలగడం మొదలుపెట్టిందట. ఏ అర్ధరాత్రో... హుఁ...మ్... అని. లైన్‌లో ఎవరైనా ముందుకు జరిగితే సక్కుబాయి గొంతులోంచి సరిగ్గా ఆ చప్పుడే వచ్చేది.

నాకీ సంగతంతా చెప్పింది డానియేలన్న. బస్సు డిపోలో మెకానిక్, ఆ గల్లీలో మూడో ఇల్లు. ఆయన దెయ్యాలను నమ్మడు. కానీ ఆ నల్లా దగ్గరికి వచ్చేసరికి బండి వేగం దానంతటదే పెరుగుతుంది. అదేంటన్నా అంటే, “నమ్ముడు వేరే, రిస్కు వేరే భాయ్” అంటాడు.

*

మొన్న వేసవిలో నగరానికి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు ఎక్కడో ఊరి బయట పగిలింది. రోడ్డు తవ్వుతుంటే తగిలిందని ఒకరు, పాతబడి తనంతట తనే పగిలిందని ఇంకొకరు. ఎట్లా పగిలితేనేం, పాతబస్తీలో సగం నల్లాలు ఒకేసారి ఎండిపోయాయి. రెండు రోజుల్లో బాగవుతుందని ఫోన్లకు మెసేజ్ వచ్చింది. మూడో రోజు, ‘మరమ్మతు తొంభై శాతం పూర్తి’ అని ఇంకో మెసేజ్. నాలుగో రోజూ అదే తొంభై. ఆ మిగిలిన పది శాతం ఎక్కడ ఇరుక్కుందో ఎవరికీ తెలియదు.

అందరూ చేసే పనే ఆ గల్లీవాళ్ళూ చేశారు. నల్లాలన్నీ తిప్పి వదిలేశారు. నీళ్ళొస్తే చప్పుడుకు మెలకువ వస్తుందని ఆశ. సక్కుబాయి నల్లాను కూడా ఎవరో పట్టపగలు ధైర్యం చేసి తిప్పి వచ్చారు.

టాంకర్ వస్తుందన్నారు. కానీ ఆ గల్లీలోకి టాంకర్ దూరదు. అది ఆగడానికి చోటు ఒక్కటే... ఎక్కడో చెప్పాలా? సక్కుబాయి ఇంటి ముందు. వచ్చే టైం కూడా ఒకటి కాదు. ఒకనాడు అర్ధరాత్రి పన్నెండు, ఒకనాడు రెండు. అందుకని తొమ్మిదింటికే బిందెలు లైన్‌లో పెట్టేసి, మనుషులు మాత్రం ఇళ్ళలో ఉండి, హారన్ వినబడగానే పరుగెత్తేవారు.

ఈ లైన్ బాధ్యత ఆ గల్లీలోనే ఉండే రాజమణి మీద పడింది. పడింది అనడం కంటే ఆమే మీద వేసుకుంది అనడం సబబు. గల్లీలో పద్నాలుగు ఇళ్ళు. ఎవరికి ఏ నంబరో చీటీలు వేద్దామంది. అప్పుడు ఎదురింటి సావిత్రి నెమ్మదిగా అడిగింది.

“వదినా, మా అత్తకు కాళ్ళు లేస్తలేవు. మాకు జెర ముందు నంబరియ్యరాదు?”

“లైనంటే లైనే సావిత్రీ. నా ఇంట్ల బాలింత ఉన్నది. నేను అడుగుతున్ననా?”

అందరి ముందూ, నడుము మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నది. ఆ గర్వంతోనే తన చీటీ తీసి విప్పింది.

పద్నాలుగు.

*

రాజమణి కోడలు అఖిల తొలి కాన్పై అప్పటికి పదహారు రోజులు. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోశారు. కొడుకు అంజన్ లాల్‌దర్వాజాలో కుట్టు మిషన్లు రిపేరు చేస్తాడు. పాప పుట్టినప్పటి నుంచి ఒంటి కాలి మీద తిరుగుతున్నాడు, కానీ ఒకసారి పడుకున్నాడంటే పక్కన ఇల్లు కూలినా లేవడు.

టాంకర్ నాలుగు గల్లీలు తిరిగి అక్కడికి వచ్చేసరికి సగం ఖాళీ. పద్నాలుగో నంబరు వంతు వచ్చేసరికి అడుగు నీళ్ళు. ఎర్రగా, ఇసుకతో, తుప్పు వాసనతో. అఖిల వాటిని చీరకొంగు మడతపెట్టి మూడుసార్లు వడకట్టి, కాచి, పాపకు స్నానం పోసింది. తెల్లారేసరికి పసిబిడ్డ ఒళ్ళంతా దద్దుర్లు. శుభ్రమైన నీళ్ళు తప్ప వాడొద్దని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు.

ఆ రాత్రే అది జరిగింది.

హారన్ మోగింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. మొదటి నంబరు డానియేలన్నది. ఆయన పైపు అందుకుని తన బిందె వైపు వంగి... అట్లాగే ఆగిపోయాడు.

ఆయన బిందె ముందు ఇంకో బిందె ఉంది.

ఇత్తడిది. మెడ కింద పిడికిలంత సొట్ట. అడుగు దగ్గర రూపాయి బిళ్ళంత అతుకు. అంచు మీద చుక్కలతో కొట్టించిన పేరు... సక్కుబాయి.

 తాళం వేసిన తలుపు వైపు చూసే ధైర్యం ఎవరికీ లేదు. టాంకర్ డ్రైవర్‌కు మాత్రం ఇవేవీ పట్టలేదు. “క్యా సోచ్‌రే భాయ్? జల్దీ!” అని తొందరపెట్టాడు.

“వదినా...” అన్నాడు డానియేలన్న గొంతు తగ్గించి. “ఏం జెయ్యాలె?”

రాజమణి టాంకర్ వైపు తిరిగింది. “నింపు. నంబరంటే నంబరే.”

నింపారు! ఇదీ ఆ గల్లీ సంగతి. వేరే ఎక్కడైనా అయితే బిందెలు వదిలేసి పారిపోయేవాళ్ళు. వీళ్ళకు దెయ్యమంటే భయమే కానీ, లైన్ తప్పడమంటే అంతకంటే భయం. దెయ్యం తన నంబరు తాను పెట్టుకుంది, పద్ధతిగా వచ్చింది. దాన్ని దాటి ముందు నింపుకుంటే ఊరుకుంటుందా?

ఎవరి నీళ్ళు వాళ్ళు పట్టుకుని చరచరా ఇళ్ళలోకి పోయి గడియలు పెట్టుకున్నారు. అందరినీ పంపించి చివర్లో వెళ్ళింది రాజమణే. నిండు బిందె అక్కడే ఉండిపోయింది.

తెల్లారి చూస్తే... లేదు.

ఆ రాత్రి మళ్ళీ ఉంది. ఖాళీగా, అందరికంటే ముందు.

*

ఇట్లా మూడు రాత్రులు. పగలంతా గల్లీలో ఇదే లొల్లి. దెయ్యానికి దాహమేంటని ఒకరు, స్నానానికేమోనని ఇంకొకరు. ఈ ఎండలకు చచ్చినవాళ్ళకు మాత్రం ఉక్కపొయ్యదా అని డానియేలన్న.

అంజన్‌కు మాత్రం నవ్వు రాలేదు. దెయ్యం ముందు ఒక బిందె పట్టుకుపోతే చివరి నంబరుకు మిగిలేది ఇంకా తక్కువని వాడి లెక్క. ఇంట్లో రోజూ పొద్దున పాప స్నానానికి ఒక బిందె తేట నీళ్ళు ఉంటున్నాయి. ఎక్కడివని అడిగితే, “డ్రమ్ముల దాపెట్టిన” అని తల్లి చెప్పింది. ఆ డ్రమ్ము ఎన్నాళ్ళొస్తుంది? శుక్రవారం పాపకు ఇరవై ఒకటో రోజు. తలస్నానం చేయించాలి, తొట్టెల్లో వెయ్యాలి. అఖిల నల్లాకు పసుపు పెట్టి నీళ్ళు తెచ్చుకోవాలి. నల్లా అయితే ఎండిపోయే ఉంది.

“రేపు గూడ అడుగు నీళ్ళే అయితే పాపకు నేను స్నానం పొయ్య,” అన్నది అఖిల గురువారం రాత్రి. కళ్ళలో నీళ్ళు. “పద్నాలుగిండ్లల్ల ఒక్కలకు గూడ మన పాప యాదికి రాదా?”

 అంజన్ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. పన్నెండు దాటాక, తల్లి నిద్రపోయిందనుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని మెల్లగా బయటికి జారుకున్నాడు.

దెయ్యంతో మాట్లాడడానికి.

*

గల్లీలో ఒక్క లైటే వెలుగుతోంది, అదీ ఆరుతూ వెలుగుతూ. సక్కుబాయి ఇంటి ముందు పద్నాలుగు బిందెలు వరుసగా కూర్చున్నాయి. మొదటి చోటు ఇంకా ఖాళీ.

అంజన్ ఒక ఆటో చాటున నక్కాడు. 

హుఁ...మ్...

నల్లా!

నోరు తెరిచి ఉన్న నల్లాలోంచి ఊపిరి వస్తోంది. ఆగింది... మళ్ళీ వచ్చింది.  అంజన్ పారిపోదామనుకున్నాడు.  పాప వీపు మీది దద్దుర్లు గుర్తొచ్చాయి. పోకుండా అక్కడే కూర్చున్నాడు.

ఎంతసేపైందో.

ఒక ఆకారం... గోడ నీడలోంచి వచ్చింది. ముసుగు మొహం మీదికి లాగి ఉంది. అడుగుల చప్పుడు లేదు. చంకన బిందె. వంగి... మొదటి చోట పెట్టింది. ఠంగ్...

అంజన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మోకాళ్ళ మీద ముందుకు పాకి, రెండు చేతులూ జోడించాడు.

“అవ్వా... దండం,” అన్నాడు, తన గొంతు తనకే వినబడనంత మెల్లగా. “రేపు మా పాపకు ఇరవై ఒకటి. ఒక్క దినం... నీ నంబరు నాకియ్యి అవ్వా. నా నంబరు నువ్వు తీస్కో. పద్నాలుగు. జెర అడుగు నీళ్ళొస్తయ్ గని... నీకేం గాదు గద.”



ఆకారం కదల్లేదు. నల్లా కూడా ఊపిరి బిగబట్టింది.

తర్వాత... తల మీద ఒక చెయ్యి పడింది. చల్లగా. తడిగా.

“అరే అంజిగా...” అంది ఆకారం. “బాలింతను ఇడిసిపెట్టి ఈడేం జేస్తున్నవ్‌రా?”

అంజన్ కళ్ళు తెరిచాడు.

రాజమణి.

వాడు వెనక్కి పడబోయి సావిత్రి వాళ్ళ బకెట్ తన్నాడు. తల్లి వాడి నోరు మూసింది. ఇద్దరూ ఆటో చాటుకు పోయి కూర్చున్నారు. 

“అమ్మా... నువ్వా? ఇన్ని దినాలు...?”

“మెల్లగ మాట్లాడు.” రాజమణి ముసుగుతో కళ్ళు తుడుచుకుంది. “పద్నాలుగిండ్ల ముందర పెద్ద మాటన్న బిడ్డా. గా మాట ఎట్ల మింగాలె? అట్లని పసిదానికి దద్దులు లేస్తుంటె సూస్కుంట కూసోవాల్నా? డ్రమ్ము లేదు, ఏం లేదు. ఇంట్ల తేట నీళ్ళు గీ బిందెయే.”

అంటే మూడు రోజులుగా తన బిడ్డ నీళ్ళు దోచుకుంటోందని వాడు తిట్టుకున్న దెయ్యం, ఆ నీళ్ళు తెచ్చి తన ఇంట్లోనే పెడుతోంది. అంజన్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు ఏది కానివ్వాలో తెలియక తల్లి భుజం మీద తల పెట్టాడు.

“బిందె నీకెట్ల దొరికింది?”

“సచ్చే ముందు ఆమెనే నా చేతుల పెట్టింది. నువ్వు పుట్టినప్పుడు నా బిందె ముందు పెట్టించి, గీ నల్లాకు నాతోని పసుపు పెట్టించింది గూడ ఆమెనే. ‘నేను లేకున్నా బాలింత బిందె ముందుండాలె రాజమణీ’ అన్నది. నేనేమో అందరి ముందర లైను, లైను అని లొల్లి వెట్టిన. ఆమె మాట నేనే మర్శిన.”

“ఇంక సాలమ్మా,” అన్నాడు అంజన్. “నా బిడ్డకు నీళ్ళు దొంగతనంగ వద్దు. రేపు పొద్దుగాల అందరి ముందర నేనే అడుగుత. నీ పేరు బయటికి రానియ్య. ఫికర్ జెయ్యకు.”

బిందె చంకన పెట్టుకుని, గుసగుసలాడుకుంటూ ఇద్దరూ ఇంటికొచ్చారు. అంజన్ తన చేత్తో దాన్ని సజ్జ మీద బోర్లించి, మీద దుప్పట్ల మూట పెట్టాడు. ఇల్లు చిన్నది, గుసగుసలు దాగవు. పాపకు పాలిస్తున్న అఖిల అన్నీ విన్నది. 

ఆ రాత్రి టాంకర్ రాలేదు.

*

నాలుగు కావస్తుండగా...

హూఁ...ఊఁ...ఊఁ...

గల్లీ మొత్తం లేచి కూర్చుంది. అది మూలుగు కాదు, ఏడుపు. ఆ తర్వాత దగ్గు. ఖళ్... ఖళ్... ఖళ్... ఉమ్ముతున్న చప్పుడు. ఎవరింట్లోనో పిల్లలు కేకలు పెట్టారు. డానియేలన్న మంచం మీదే ప్రార్థన మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు. ఆ చప్పుడు తమ వంటింట్లోంచి కూడా వస్తోంది.

“దెయ్యం గాదు!” అని గల్లీలోకి పరుగెత్తుతూ అరిచాడు. “నల్లా! పైపుల గాలి తంతున్నది! నీళ్ళొస్తున్నయ్!”

రెండు నిమిషాల్లో గల్లీలో జాతర. బకెట్లు, డ్రమ్ములు, గంజులు, ఒకాయన చేతిలో పూల కుండీ కూడా. తుప్పు నీళ్ళు ఇళ్ళ పైపుల్లోంచి ఇంకా పోతుండగానే, పైపులైన్‌కు మొదటిదైన సక్కుబాయి నల్లాలో తేట నీళ్ళు వచ్చేశాయి. డానియేలన్న అందరికంటే ముందు అక్కడికి చేరాడు.

చేరి, నిలబడిపోయాడు.

ధార కింద ఇత్తడి బిందె ఉంది. మెడ కింద సొట్ట. అప్పటికే సగం నిండింది.

వెనక వచ్చినవాళ్ళందరూ ఆగారు. రాజమణి వచ్చింది, చూసింది. కొడుకు వైపు తిరిగి చిన్నగా నవ్వింది. మాటలు చెప్పినా చివరికి తనే తెచ్చి పెట్టాడు, బంగారం నా కొడుకు అనుకుంది. అంజన్ కూడా నవ్వాడు. ఎంత చెప్పినా అమ్మ ప్రాణం ఆగలేదు అనుకున్నాడు.

“ఎవ్వలది ముందు?” అని గుంపులో ఎవరో గొణిగారు.

సావిత్రి ముందుకొచ్చింది. “బాలింత బిందె ముందు. ఇయ్యాల ఇరవై ఒకటి గద? అఖిలను పిలువుండ్రి.” ఆ తర్వాత రాజమణి చెయ్యి పట్టుకుంది. “మొదటి దినమే అడిగితే మేం కాదంటుంటిమా వదినా?”

రాజమణి సావిత్రి చెయ్యి వదల్లేదు. “రేపటి సంది మీ అత్త నీళ్ళు నేనే మోస్త,” అంది. 

అఖిల పాపను ఎత్తుకుని వచ్చింది. నల్లాకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. బిందె నిండింది. అంజన్ భుజానికెత్తుకున్నాడు. అది నల్లా చేసిన చప్పుడేనని, లోపలి గాలి పోయింది కాబట్టి ఇంక మూలగదని డానియేలన్న అందరికీ మెకానిక్‌లాగా వివరించాడు. అందరూ నవ్వుకున్నారు. ఇన్నాళ్ళూ గాలికి భయపడ్డామా అని ఒకరినొకరు వెక్కిరించుకున్నారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

ఇంటికొచ్చి అంజన్ బిందె దించాడు.

“మంచి పని జేసినవ్‌రా, తెచ్చి పెట్టి,” అంది రాజమణి.

“నేనా? నువ్వు గదనే పెట్టింది?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత... మెల్లగా... తల పైకెత్తారు.

సజ్జ మీద దుప్పట్ల మూట కదలకుండా అట్లాగే ఉంది. అంజన్ స్టూలెక్కి మూట తీశాడు. కింద బిందె. బోర్లించినట్టే, పొడిగా. దింపి, నిండు బిందె పక్కన పెట్టాడు.

మెడ కింద అదే సొట్ట. అడుగు దగ్గర అదే అతుకు. అంచు మీద అదే పేరు.

రెండింటి మీదా.

 రాజమణి రెండు బిందెలనూ మార్చి మార్చి చూసింది.

“ఇప్పుడు... పాపకు ఏ నీళ్ళు పొయ్యాలె?”

అఖిల పాపను గుండెకు హత్తుకుంది. నిండు బిందె వైపు ఒకసారి చూసి, ముందుకు వంగి, గోరువెచ్చ చేయడానికి చెంబు ముంచింది.

“లైన్ల ఏది ముందు నిలబడ్డదో గదే, అత్తమ్మా,” అంది మెల్లగా. “నంబరంటే నంబరే.”

బయట, గల్లీ చివర, గాలంతా పోయి ధారగా పారుతున్న నల్లా...

హుఁ...మ్, అంది.